ఎనభయ్యారు విల్లాలు, పదకొండు లైట్లు

మొన్న సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు మా బావమరిది పోరు పడలేక ఓ విల్లాల వెంచర్ చూడ్డానికి వెళ్ళాం. "బావా, ఇంకో రెండేళ్ళు ఆగితే ఎయిర్‌పోర్టు పక్కన ఈ రేటుకి గేటు కూడా రాదు" అని వాడి వాదన. భోగాపురం వైపు, హైవే మీంచి లోపలికి ఓ రెండు కిలోమీటర్లు. ఒకప్పుడు మామిడి, జీడి, కొబ్బరి తోటలు తప్ప ఇంకేం కనపడని దారి అది. ఆ ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేస్తే, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్ళీ చేశారు. భూముల రేట్లు మాత్రం ఏ శంకుస్థాపనకీ మొహమాటపడకుండా పెరుగుతూనే వచ్చాయి.

వెంచర్ పేరు చెప్పను. చెప్పినా పెద్ద ఉపయోగం లేదు, ఆ రోడ్డు మీద అన్నీ ఒక అచ్చులో పోసినట్టే ఉంటాయి. ఒక కమాను, దానికి అటో ఏనుగు ఇటో ఏనుగు, నీళ్ళు రాని ఫౌంటెన్, "ఫేజ్ వన్ సోల్డ్ అవుట్" అన్న బోర్డు.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. చూడగానే నాకు నచ్చింది. తిట్టుకుందామనే వెళ్ళాను గానీ తిట్టడానికి వెంటనే ఏం దొరకలేదు. నలభై అడుగుల రోడ్లు. ఎత్తుపల్లాల్లేని ఫుట్‌పాత్. కాలవలన్నీ భూమిలోపలే. మా పాప అరగంటసేపు సైకిలు తొక్కింది, ఆ అరగంటలో నేను ఒక్కసారి కూడా "జాగ్రత్త" అని అరవలేదు. మా అమ్మ ఉండే వీధిలో సైకిలు తొక్కాలంటే రెండు కుక్కలు, ఒక గేదె, ఆటోలు దాటాలి. గేటెడ్ కమ్యూనిటీ అనగానే "డబ్బున్నవాళ్ళ వేషాలు" అని కొట్టిపారేసే బాపతు మనలో చాలామంది ఉన్నాం. పిల్లలు పుట్టాక ఆ మాట అనడం కొంచెం కష్టం.

అసలు ప్రశ్న వేరే. ఈ ఇల్లు ఎవరికోసం? మేముండేది హైదరాబాదులో, గచ్చిబౌలిలో ఒక అద్దె ఫ్లాటు. నాన్న పోయాక విజయనగరంలో, అయ్యకోనేరు దగ్గర పాత ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. హైదరాబాదు రమ్మంటే వస్తుంది, పది రోజులు కాగానే "నా మొక్కలెండిపోతన్నాయి" అని టిక్కెట్టు తీయిస్తుంది. కాబట్టి ఇల్లు కొనేది అమ్మ పేరు చెప్పి, మా భవిష్యత్తు కోసం, బావమరిది మాటల్లో అయితే "అప్రిసియేషన్" కోసం. ఒక్క ఇంటికి మూడు రిక్వైర్‌మెంట్లు, మూడూ ఒకదానికొకటి పడవు. ఈ బాపతు ప్రాజెక్టులు ఎలా ముగుస్తాయో మీకు వేరే చెప్పాలా?

సరే, లెక్కల్లోకి వద్దాం. 200 గజాల స్థలం, అందులో డూప్లెక్సు, 95 లక్షలు అన్నారు. కట్టడం పూర్తికాలేదు గనక 5 శాతం జీఎస్టీ, అంటే 4 లక్షల 75 వేలు. రిజిస్ట్రేషనుకి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, ఇంకో 7 లక్షల చిల్లర. ఆ పైన క్లబ్ హౌసు, కార్పస్ ఫండు, తూర్పు ఫేసింగు, కార్నరు బిట్టు. ఫేసింగుకి డబ్బులేంటి, సూర్యుడికి వాటా ఇస్తారా అంటే సేల్స్ కుర్రాడు నవ్వాడు. పాపం మంచివాడే. 70 లక్షలు లోను తీసుకుంటే, ఎనిమిదీ ముప్పావు వడ్డీకి ఇరవై ఏళ్ళపాటు నెలకి 61,860 ఈఎమ్మై. మొత్తం కట్టేది కోటీ 48 లక్షలు, అందులో వడ్డీయే 78 లక్షల పైన. ఈ లెక్క మనందరికీ ఎక్సెల్ షీట్లో ఉంటుంది కాబట్టి సాగదీయను.

ఎక్సెల్ షీట్లో ఉండని లెక్క ఒకటుంది. అది ఆ రోజు సాయంత్రం తెలిసింది.

పగలు చూసినదాంతో తృప్తి కాక, బావమరిదిని మళ్ళీ కారెక్కించి రాత్రి ఎనిమిదింటికి వెళ్ళాను. ఫేజ్ వన్‌లో 86 విల్లాలు, ఇచ్చేసి రెండేళ్ళు దాటింది. గేటు దగ్గర సెక్యూరిటీ సెల్యూట్ కొట్టాడు. వీధి లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. వరసగా రెండు వైపులా నడుచుకుంటూ లెక్కపెట్టాను. లోపల లైటు వెలుగుతున్న ఇళ్ళు పదకొండు.

పండగ రోజులు కదా, ఊళ్ళకి వెళ్ళుంటారు అన్నాడు బావమరిది. ఒరే, పండక్కి జనం మన ఊళ్ళకి వస్తారు గానీ మన ఊళ్ళనించి వెళ్ళరు. సంక్రాంతి నాలుగు రోజులూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పల్లెకి వెళ్ళినా అరుగుల మీద చోటుండదు. ఆ రోజుల్లోనే 86కి 11 అంటే, ఆషాఢంలో ఎన్ని వెలుగుతాయి?

తరవాత సెక్యూరిటీ అతనితో కబుర్లలో పెడితే మిగతాది తెలిసింది. కొన్నవాళ్ళలో ఎక్కువమంది మన బాపతే. హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా. "రిటైరయ్యాక వచ్చేస్తాం" అని కొన్నవాళ్ళు కొందరు, రేటు పెరిగితే అమ్మేద్దామని కొన్నవాళ్ళు కొందరు. విశాఖపట్నం పక్కన గేటెడ్ కమ్యూనిటీలకీ మా వైపు వాటికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ ఊళ్ళోనే ఉద్యోగాలున్నాయి గనక కొన్నవాళ్ళు ఉంటారు, లేదా అద్దెకొచ్చేవాళ్ళు ఉంటారు. మా జిల్లాలనించి చదువుకున్నవాడు ఉద్యోగానికి వెళ్ళిపోతాడు, చదువుకోనివాడు కూలికి వెళ్ళిపోతాడు. గచ్చిబౌలిలో నేనుండే టవర్లు కట్టిన మేస్త్రీల్లో సిక్కోలు వాళ్ళు ఎంతమందో. ఇప్పుడు మా గేటు దగ్గరుండే వాచ్‌మన్‌ది సోంపేట పక్కన పల్లె. వాడి ఇల్లూ తాళమే.

ఖాళీ ఇళ్ళుంటే మనకేంటి అనుకోవచ్చు. మెయింటెనెన్సు లెక్క వేసి చూడండి. రెండు గేట్లకి మూడు షిఫ్టుల సెక్యూరిటీ, తోటమాలి, మోటార్లు చూసేవాడు, చెత్త, వీధి లైట్ల కరెంటు, అన్నీ కలిపి నెలకి ఓ రెండు లక్షలు అనుకుందాం, నా అంచనాయే. 86 మందీ కడితే ఇంటికి 2,300 చిల్లర. "మేం ఉండటం లేదు కదండీ" అని యాభై మంది మానేస్తే మిగిలిన 36 మందికి తలా 5,500 చిల్లర. అప్పుడు వాళ్ళలో పదిమంది గొడవపెట్టి మానేస్తారు. ముందు తోటమాలి పోతాడు, తరవాత రెండో గేటు మూస్తారు, తరవాత స్విమ్మింగ్ పూల్లో కప్పలు. ఇది చెడ్డ బిల్డరు వల్ల జరిగేది కాదు. మంచి బిల్డరు కట్టినా జరుగుతుంది. బిల్డరుకి తెలుసు గనకే రెండేళ్ళ మెయింటెనెన్సు ముందే తీసుకుని, అది అయిపోయే టైముకి అసోసియేషన్ పెట్టుకోండి అని తాళాలు ఇచ్చేస్తాడు. పెట్టుకోవడానికి మనుషులెక్కడ? జూమ్‌లో మీటింగు పెడితే ఒకరికి పగలు, ఒకరికి అర్ధరాత్రి.

ఇక కాగితాల సంగతి. మా నాన్న తరం వాళ్ళు "వుడా లేఅవుటేనా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకునేవాళ్ళు. ఆ వుడా 2018లో వీఎంఆర్డీఏ అయింది, 2016లో రెరా చట్టం వచ్చింది. చట్టం మంచిదే. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది యూనిట్లు దాటినా రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు కాకుండా అమ్మకం సంగతి అటుంచి, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చెయ్యకుండా పది శాతం మించి తీసుకోకూడదు. మన దగ్గర వసూలు చేసినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. గోడో శ్లాబో లోపం బయటపడితే ఇచ్చిన తేదీనించి అయిదేళ్ళపాటు వాళ్ళే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. ఇవన్నీ చదువుకుని వెళ్ళాను. సదరు కుర్రాడు "ఇప్పుడు 25 శాతం కట్టేయండి సార్, అగ్రిమెంట్ ఉగాదికి చేసుకుందాం, ఫేజ్ టూ నంబరు ప్రాసెస్‌లో ఉంది" అన్నాడు. ప్రాసెస్‌లో ఉంది అంటే ఏమిటో మనం క్లయింట్లకి రోజూ చెబుతూనే ఉంటాం కదా :-)

ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తట్టదు. మామూలు లేఅవుటు అప్రూవ్ చేయించుకున్నప్పుడు రోడ్లనీ, పార్కు కోసం వదిలిన పదోవంతు స్థలాన్నీ పంచాయితీకో మునిసిపాలిటీకో గిఫ్టు డీడ్ రాసిచ్చెయ్యాలి. అంటే ఆ రోడ్లు ఊరివి. చుట్టూ గోడ కట్టి కమాను పెట్టినంత మాత్రాన అది గేటెడ్ అవదు, ఊళ్ళోవాడెవడైనా సైకిలు మీద వచ్చి "నా రోడ్డు, తియ్యి గేటు" అంటే మనం నోరుమూసుకుని తియ్యాలి. నిజంగా గేటెడ్‌గా కట్టడానికి తీసుకునే పర్మిషను వేరు. ఏ పర్మిషన్ మీద కట్టారన్నది బ్రోచర్లో ఉండదు, ప్లాను కాగితం మీద ఉంటుంది. అడిగాను. "మేనేజర్ గారిని కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు. ఇప్పటికీ కనుక్కుంటూనే ఉన్నాడు.

ఇంకా నయం, గెడ్డ సంగతి కూడా చూశాం. వెంచర్ వెనకవైపు ఓ గెడ్డ ఉంది, ఎండిపోయి, తుప్పలు మొలిచి. బ్రోచర్లో దాన్ని "వాటర్ బాడీ వ్యూ" అన్నారు, ఆ వరసకి గజానికి అదనంగా వెయ్యి. మా బావమరిది కూడా ఇక్కడ ఆగాడు. మా జిల్లాలో పుట్టినవాడికెవడికైనా తెలుసు, గెడ్డ ఎండిపోయినట్టే ఉంటుంది, తుఫాను వచ్చిన రాత్రి దానికి తన దారి గుర్తొస్తుంది. గ్రామం ఎఫ్ఎంబీ తీసి వెంచర్ ప్లాను పక్కన పెట్టి చూస్తే ఆ గెడ్డ పాత వెడల్పు ఎంతో, ఇప్పుడు ఎంత మిగిలిందో అర్థమవుతుంది. మేం చూశాం. సగం మిగిలింది.

తుఫాను మాట వచ్చింది కాబట్టి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నాన్న ఉన్నారు. మా వీధిలో వారం రోజులు కరెంటు లేదు. మూలింటివాళ్ళ నుయ్యి, ఎప్పుడో పూడ్చేద్దామనుకున్న నుయ్యి, వీధి మొత్తానికి నీళ్ళిచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడితోటలూ నేలమట్టం చేస్తే పలాస వైపు మా చుట్టాలకీ అదే అనుభవం. విల్లాల్లో నుయ్యి ఉండదు, బోరుంటుంది. బోరుకి కరెంటు కావాలి, కరెంటు లేకపోతే జెనరేటరుకి డీజిలు కావాలి, డీజిలు తేవడానికి ఎవరో ఒకడు ఊళ్ళో ఉండాలి. పైగా సముద్రం అంత దగ్గర్లో ఇన్ని బోర్లు తోడుకుంటూ పోతే నీళ్ళు ఉప్పెక్కే ప్రమాదం ఒకటి. మత్స్యకార పల్లెల్లో వెనకటివాళ్ళు గాలికి తట్టుకోవాలని కిందకి వంగిన కప్పుతో గుండ్రంగా చుట్టిళ్ళు కట్టుకున్నారు. మావాళ్ళేమో సముద్రం వైపు పన్నెండడుగుల అద్దం పెట్టి "సీ బ్రీజ్ ఎలివేషన్" అన్నారు.

ఇంత చెప్పినా, నేను ఆ ఇల్లు కొనకపోవడానికి ఇవేవీ అసలు కారణం కాదు. మర్నాడు అమ్మని తీసుకెళ్ళాం.

అమ్మకి మోడల్ విల్లా నచ్చింది. వంటగది చూసి మురిసిపోయింది, బాత్రూంలో కాలు జారని టైల్స్ ఉన్నాయని వంగి చేత్తో తడిమి చూసింది. తరవాత వరండాలో కుర్చీలో కూచుని మొదలెట్టింది. "బాబూ, పాలాయన ఇంత దూరం వస్తాడేటి?" యాప్‌లో పెట్టుకోవచ్చు ఆంటీ అన్నాడు కుర్రాడు. "ఎదురింట్లో ఎవులుంటారు?" డల్లాస్‌లో ఉంటారు ఆంటీ. "ఈ పక్కన?" వాళ్ళది బెంగుళూరు. "ఆ పక్కన?" అది ఇన్వెస్టర్‌ది ఆంటీ, అమ్మకానికుంది.

"అయితే ఇక్కడ నానూ, వాచ్‌మేనూ ఉంటామన్నమాట" అంది.

కుర్రాడు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే కిందటేడు శ్రావణంలో జరిగింది గుర్తొచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ పెరట్లో గోలెం దగ్గర జారిపడింది. చెయ్యి విరిగింది, తలకి దెబ్బ తగిలింది. ఫోను మంచం మీద ఉంది. పక్కింటి పిన్ని అప్పుడే లేచి పొయ్యి ముట్టించుకుంటూ ఆ కేక విని కొడుకుని లేపింది. ఆ కుర్రాడు గోడ దూకి వచ్చి, ఎదురింటాయన ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నాకు ఫోనొచ్చేసరికి ఆరూ పది, అప్పటికే ఎక్స్‌రే కూడా తీసేశారు. మా ఇంటికీ పిన్ని వాళ్ళింటికీ మధ్య ఆ గోడ నాలుగడుగులు. ఉమ్మడి గోడ ఎవరు సున్నం వేయించాలని మా నాన్నకీ బాబాయికీ పదేళ్ళు మాటల్లేవు, అది వేరే కథ.

మోడల్ విల్లాలో కిటికీ తలుపులు వేసి చూపిస్తూ కుర్రాడు గర్వంగా చెప్పిన మాట: "సౌండ్ ప్రూఫ్ సార్. బయట సౌండ్ లోపలికి రాదు, లోపలి సౌండ్ బయటికి పోదు."

ఇక్కడ ఆపేస్తే పాత వీధి గొప్ప, కొత్త గేటు చెడ్డ అన్నట్టుంటుంది. మా ఆవిడ అలా ఆపనివ్వలేదు. ఆవిడ పాయింట్లు రెండు. మొదటిది, మా వీధికి మాత్రం గేటు లేదా? మా చిన్నప్పుడు ఆ వీధిలో ఇల్లు అద్దెకివ్వాలంటే ముందు ఇంటిపేరు, తరవాత "మీరేవుట్లు?" అన్న ప్రశ్న. సమాధానం నచ్చకపోతే ఇల్లు అప్పటికే ఎవరికో ఇచ్చేసినట్టే. నా ఇంజనీరింగ్ స్నేహితుడొకడి అమ్మానాన్నలకి 2003లో ఆ అనుభవం మా వీధిలోనే అయింది, నేను ఏమీ అనలేకపోయాను. విల్లాల కుర్రాడు మా ఇంటిపేరు అడగలేదు, సిబిల్ స్కోరు అడిగాడు. ఈ విషయంలో గేటే నయం అని ఒప్పుకోక తప్పదు.

రెండోది ఇంకా గట్టిది. "సంక్రాంతి రాత్రి విల్లాల్లో లైట్లు లెక్కపెట్టారు కదా, మీ వీధిలో లెక్కపెట్టారా?" అంది. లెక్కపెట్టలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక వెళ్ళి లెక్కపెట్టాను. పద్నాలుగు ఇళ్ళు, ఎనిమిది లైట్లు. మూలింటివాళ్ళు డెవలప్‌మెంటుకిచ్చేశారు, ఆ నుయ్యి ఇప్పుడు లిఫ్టు గొయ్యి అయింది. పిన్నికి మోకాళ్ళ నొప్పులు. గోడ దూకిన వాళ్ళబ్బాయి బీటెక్ అయింది, పూణెలో ఆఫరొచ్చిందని స్వీటు పెట్టాడు. కంగ్రాట్స్ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, కానీ లోపల ఏదో కలుక్కుమంది. మనం ఇరవై ఏళ్ళ కిందట వెళ్ళిపోయినప్పుడు ఏ పక్కింటివాళ్ళకి అలా అనిపించిందో.

మొత్తానికి బుక్ చెయ్యలేదు. ఆ డబ్బులో ఒక్క చిన్న ముక్క పెట్టి పాత ఇంట్లో బాత్రూం ఇంట్లోకి తెచ్చాం, గోడలకి పట్టుకునే రాడ్లు వేయించాం, గోలెం తీయించాం (అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు). మేడమీద గది ఆస్పత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులకి సగం అద్దెకిచ్చాం. వాళ్ళ ఇంటిపేర్లు అడగొద్దని అమ్మకి ముందే చెప్పాను. అడగలేదట. ఒకమ్మాయిది పాతపట్నం దగ్గరని, చోడి అంబలి బాగా కాస్తుందని మాత్రం ఫోనులో చెప్పింది. ఇది పదేళ్ళకి సరిపోయే ఏర్పాటు కాదని నాకు తెలుసు, మా ఆవిడకి ఇంకా బాగా తెలుసు.

వచ్చే పైడితల్లమ్మ పండక్కి వెళ్తున్నాం. సిరిమాను చూసుకుని, ఆ రాత్రి ఎనిమిదింటికి రెండు చోట్లా మళ్ళీ లైట్లు లెక్కపెట్టాలని ఒప్పందం. విల్లాల వైపు ఇరవై దాటితే మళ్ళీ మాట్లాడుకుంటాం. ఈలోగా బావమరిది నిన్ననే మెసేజి పెట్టాడు, గజానికి 1,500 పెంచారట.